ఆట వాళ్లది, రూలు ఇంకొకరిది: సిక్స్ నేషన్స్ చీఫ్స్ కథ

గ్రూప్స్‌కు చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు మింటో పేరు నిద్రల లేపి అడిగినా చెప్తరు. 1909, మింటో-మార్లే సంస్కరణలు, ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు. ఒక బిట్టు. ఆన్సర్ దిద్ది పక్క ప్రశ్నకు పోతరు. గా మింటోనే 1905ల మనకు వైస్రాయ్‌గ రాకముందు, 1898 నుంచి 1904 దాక కెనడాకు గవర్నర్ జనరల్‌గ ఉండె. అక్కడున్నప్పుడు 1901ల ఒక వెండి కప్పు చేపిచ్చి లక్రాస్ అనే ఆటకు ఇచ్చిండు. దొర పోయిండు, దొర రాజ్యం పోయింది. కప్పు మాత్రం ఉన్నది. 1937 సంది అది పోరగాళ్ల జట్ల కప్పు అయింది. ఇప్పటికీ కెనడాల జూనియర్ జట్లు ఆ మింటో కప్పు కోసమే కొట్లాడుతయి.

ఈ కప్పును 1992, 2007, 2014ల మూడుసార్లు ఎత్తుకపోయిన ఊరు ఒకటున్నది. పెద్దోళ్లకు వేరే కప్పు ఉంటది, దాన్ని మాన్ కప్పు అంటరు. సర్ డొనాల్డ్ మాన్ అనే రైల్వే కాంట్రాక్టర్ 1910ల ఇచ్చిండు, బంగారుది. దాన్ని కూడ ఆ ఊరి క్లబ్బు 2023 దాక ఏడుసార్లు కొట్టింది. 1994, 1995, 1996 వరుసగ మూడేండ్లు, మల్ల 2013, 2014, 2016, 2023. ఊరి పేరు సిక్స్ నేషన్స్. పెద్దోళ్ల జట్టు పేరు చీఫ్స్, పోరగాళ్ల జట్టు పేరు యారోస్.

ఇంతవరకు చదివితే ఏదో గెలిచిన క్లబ్బు ముచ్చట లెక్కనే ఉంటది. గాని ఆ ఆటను పుట్టించింది వాళ్లే. ఆట వాళ్ల తాతల తాతలది. మరి 1910ల పెట్టిన కప్పు వాళ్ల ఊరికి రానీకి 84 ఏండ్లు ఎందుకు పట్టింది? ఆట రాకనా? కాదు. ఆ జవాబు కోసమే ఇదంత రాస్తున్న.

ముందుగాల ఆట గురించి. కట్టె చివరకు ఒక చిన్న జాలి ఉంటది. బంతిని ఆ జాలిల పట్టుకొని ఉరుకుతరు, జాలితోనే తోటోనికి ఇస్తరు, జాలితోనే గోలుల కొడ్తరు. గోల్ కీపర్ తప్ప ఎవ్వరూ చెయ్యి పెట్టొద్దు. ఒంటికి ఒళ్లు గుద్దుకునుడు మస్తుగ ఉంటది. కబడ్డీల ఉండే మొరటుతనం, హాకీల ఉండే ఒడుపు కలిపి జూడుండ్రి, సుమారుగ అర్థమైతది. లక్రాస్ అనేది ఫ్రెంచి పేరు. 1630లల్ల ఫ్రెంచి పాదిరీలు అక్కడి ఆదివాసులు ఆడుతుంటె జూసి, చేతుల ఉన్న వంకర కట్టెను బట్టి ఆ పేరు రాసుకున్నరు. అంటే ఆట పేరు కూడ బయటోడు పెట్టిందే.

ఆడే జనానికి మాత్రం అది ఉత్త ఆట కాదు. సృష్టికర్త సంతోషం కోసం ఆడేది అంటరు. ఊర్ల ఎవలికన్న పానం బాగలేకపోతె వాళ్లు కోలుకోవాలని ఆడుతరు, అందుకే మందు ఆట అని కూడ పేరు. సంప్రదాయం పట్టుకున్న ఇండ్లల్ల మగపిల్లగాడు పుడితే చిన్న కట్టె చేపిచ్చి పక్కన పెడ్తరు. మనిషి పోతే కట్టెను కూడ తోడు పంపుతరు. ఆ కట్టె హికరీ అనే చెట్టుది. చీరి, ఆవిరి పట్టిచ్చి, వంచి, నెలలకొద్ది ఆరబెట్టి, తోలు దారాలతోని జాలి అల్లుతరు. 1970ల సంది ప్లాస్టిక్ తలకాయల కట్టెలొచ్చి ఆ పని సగం పడిపోయింది. మన దగ్గర స్టీలు, ప్లాస్టిక్ బిందెలొచ్చినంక కుమ్మరి సారె ఎట్ల ఆగిందో, గట్లనే.

వాళ్లెవరు అంటే, హోడెనొషోనీ అని పిలుచుకునే జనం. పొడుగు ఇల్లు కట్టుకునేటోళ్లు అని అర్థం. తెల్లోళ్లు వాళ్లను ఇరొక్వా అన్నరు. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, తర్వాత వచ్చి కలిసిన టస్కరోరా, మొత్తం ఆరు జాతుల కూటమి. అందుకే సిక్స్ నేషన్స్. అసలు ఊర్లు ఇప్పటి అమెరికాల న్యూయార్క్ రాష్ట్రంల ఉండె. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంల కొన్ని జాతులు బ్రిటిషోళ్ల దిక్కు నిలబడ్డయి. బ్రిటిషోళ్లు ఓడిపోయిండ్రు, వీళ్ల భూములు పోయినయి. దానికి బదులు 1784 అక్టోబర్‌ల హాల్డిమాండ్ అనే గవర్నర్ ఒక కాయితం రాసిచ్చిండు. కెనడాల గ్రాండ్ రివర్ అనే నదికి రెండు దిక్కుల ఆరేసి మైళ్ల భూమి, మొదలు నుంచి కొస దాక, మీదే అన్నడు. లెక్కకు దాదాపు 9,50,000 ఎకరాలు.

ఇయ్యాల వాళ్ల చేతుల మిగిలింది 46,000 ఎకరాల దగ్గర. నూటికి అయిదు పాళ్లు కూడ లేదు. ఏజెన్సీల 1/70 చట్టం ఉండంగనే భూములు ఎట్ల చేతులు మారినయో జూసినోళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పే పని లేదు. మిగిలిన గా ముక్క మీదనే ఒస్వెకెన్ అనే పల్లె, చుట్టూ ఇండ్లు, పొలాలు. టొరంటో నగరం అక్కడికి ఓ 100 కిలోమీటర్లు ఉంటది. కెనడాల జనం లెక్కన అన్నిటికంటె పెద్ద ఆదివాసి రిజర్వు ఇదే. చీఫ్స్ ఆడేది ఇక్కడనే.

ఇగ ఆట ఎట్ల చెయ్యి జారిందో జూడుండ్రి. విలియం జార్జ్ బీర్స్ అని మాంట్రియల్‌ల ఒక పండ్ల డాక్టర్ ఉండె. ఆట మీద మోజు పడ్డడు. 1860లల్ల కూసోని రూల్స్ రాసిండు. ఇంతమందే ఆడాలె, గోలు ఇంత ఉండాలె, బంతి రబ్బరుది కావాలె. 1867ల జాతీయ లక్రాస్ సంఘం పుట్టింది. ఆ రూల్స్‌ల ఒక రూలు ఏందంటె, ముందే ఒప్పందం లేకుంటె ఆదివాసి మనిషి తెల్లోళ్ల క్లబ్బు తరఫున ఆడొద్దు. ఆట ఎవరి దగ్గర నేర్సుకున్నరో వాళ్ల గురించే రాసిన రూలు ఇది.

అట్లని వాళ్లను పూర్తిగ దూరం పెట్టలేదు. 1876ల బీర్స్ ఒక జట్టును ఇంగ్లండ్‌కు తీస్కపోయిండు. అండ్ల కానవాకె ఊరి మోహాక్ ఆటగాళ్లు ఒక దిక్కు, మాంట్రియల్ తెల్లోళ్లు ఇంకో దిక్కు. విక్టోరియా రాణి ముందట కూడ ఆడిచ్చిండ్రు. పూసలు, ఈకలు కట్టిచ్చి జనానికి చూపిచ్చిండ్రు. టికెట్లు తెగాలంటె వాళ్లు కావాలె. కప్పు పోటీకాడికి వచ్చేవరకు వాళ్లు వద్దు.

వద్దు అని నోటితోని అనలేదు, అదే తెలివి. 1880ల సంఘం పేరుల అమెచ్యూర్ అనే మాట చేర్చిండ్రు. పైసల్ తీసుకోకుండ ఆడేటోళ్లే ఛాంపియన్‌షిప్‌కు అర్హులు అన్నరు. వినడానికి మంచిగనే ఉంటది. పైసల కోసం కాదు, ఆట కోసం ఆడాలె అంటే ఎవరు కాదంటరు? గాని జర ఆలోచన చేయిండ్రి. మాంట్రియల్ డాక్టర్, వకీలు శనివారం ఆడి సోమవారం మల్ల కుర్చీల కూసుంటడు. రిజర్వు మనిషి ఆటకు పోవాలంటె రైలు టికెట్టుకు పైసల్ కావాలె, రెండు మూడు రోజుల కూలి పోతది, ఇంటికాడ పొయ్యి ఎలగాలె. గేటు కాడ వచ్చిన పైసలల్ల వాటా తీసుకుంటనే ఆడగలుగుతడు. తీసుకున్నోడు ప్రొఫెషనల్. ప్రొఫెషనల్‌కు కప్పు పోటీల జాగ లేదు. ఏ రూలుల కూడ జాతి పేరు రాయకుండనే జాతి మొత్తాన్ని బయట నిలబెట్టిండ్రు.

మన కబడ్డీ సంఘం పేరుల కూడ ఆ మాట ఉన్నది, అమెచ్యూర్ కబడ్డీ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఇప్పుడు దాని అర్థం వేరు, ఉత్త పేరే. గాని ఆ మాట ఎక్కడ పుట్టి, ఎవల మీద వాడిండ్రో తెలిసుండాలె.

1904ల సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌ల లక్రాస్ ఉండె. ఒక మోహాక్ జట్టు ఆడి మూడో స్థానం తెచ్చింది. రికార్డులల్ల వాళ్ల పేర్లు జూస్తే మనసు గుబులైతది. బ్లాక్ హాక్, స్నేక్ ఈటర్, రెయిన్ ఇన్ ఫేస్, మ్యాన్ అఫ్రెయిడ్ సోప్. అంటే నల్ల డేగ, పాములు తినేటోడు, మొకం మీద వానపడ్డోడు, సబ్బంటె భయపడేటోడు. కొన్ని పేర్లు వేరే జాతుల పేరున్న వీరులయి ఎత్తి పెట్టిండ్రు, కొన్ని ఎగతాళికి పెట్టినట్టే ఉంటయి. ఒలింపిక్ పతకం కొట్టిన మనుషుల సొంత పేరు కూడ పుస్తకంల లేదు.

అదే ఊరోడు టామ్ లాంగ్‌బోట్. ఒనొండాగా జాతి. 1907ల బోస్టన్ మారథాన్ గెలిచిండు. చిన్నప్పుడు ఆయనను మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే హాస్టల్ బడిల ఏసిండ్రు, ఉండబుద్ధి కాక పారిపోయిండు. ఆ బడిల పిల్లలకు పొద్దుమాపు గంజి లాంటి జావనే దిక్కు, అందుకని దానికి గంజి బొంద అనే అర్థం వచ్చే పేరు పడ్డది. సొంత భాష మాట్లాడితే దండన. 1970 దాక నడిచింది. ఆదివాసి పిల్లల నుంచి భాషను, మొక్కులను గుంజుకున్న ఆ కాలంలనే, ఆట మాత్రం ఇంటి వెనుక జాగలల్ల బతికింది.

1931ల ఇంకో మలుపు. మాంట్రియల్‌ల ఐస్ హాకీ స్టేడియాలు నడిపేటోళ్లకు ఎండకాలం వచ్చిందంటె హాలు ఖాళీ. లక్రాస్‌ను ఆ నాలుగు గోడల నడుమకు తెచ్చిండ్రు. బయట మైదానంల పదిమంది ఆడేది, లోపల గోల్ కీపర్‌తోని కలిపి ఆరుగురే. దీన్ని బాక్స్ లక్రాస్ అన్నరు. బంతి గోడకు తాకి మల్ల ఆటలకే వస్తది, ఆగుడు లేదు. వ్యాపారం కోసం పెట్టిందే, గాని రిజర్వులకు మేలైంది. పెద్ద మైదానం అక్కర లేదు, ఇరవై ముప్పైమంది ఆటగాళ్లు అక్కర లేదు. కట్టె పలకలు పాతి ఒక డబ్బా లెక్క కట్టుకుంటే చాలు, ఊరి పోరగాళ్లు ఆడుకుంటరు. దొర బీర్స్ రాసిన ఆట కంటె ఈ డబ్బా ఆటలనే సిక్స్ నేషన్స్ తిరిగి నిలబడ్డది.

నిలబడ్డా, చాన ఏండ్లు గెలుపు పక్కూరికే పోయింది. రాస్ పౌలెస్ అని ఒక మోహాక్ ఉండె. 1951 నుంచి 1954 దాక వరుసగ నాలుగు మాన్ కప్పులు గెలిచిండు. గాని పీటర్‌బరో అనే ఊరి జట్టుకు. కొడుకు గేలార్డ్ పౌలెస్ ఇంకా మెరిక. 1964ల, 1967ల మింటో కప్పుల ఉత్తమ ఆటగాడు. ఆయన తొడిగింది ఓషవా గ్రీన్ గేల్స్ జెర్సీ. వీళ్ల మీద నాకు ఏ కోపం లేదు. సొంత ఊర్ల ఆ స్థాయి జట్టు లేనప్పుడు మెరికలు ఎక్కడికి పోతయి? మన మండలాల నుంచి పోయి వేరే రాష్ట్రం, రైల్వే, పోలీసు జట్లకు ఆడే కబడ్డీ పిల్లలను అడుగుండ్రి. గాని ఒక్కొక్కరు ఎంత ఎదిగినా, కప్పు మీద ఊరి పేరు పడది.

చీఫ్స్ చేసింది గదే. ఊరి పేరు మీద పెద్ద లీగుల జట్టును దింపిండ్రు. మాన్ కప్పు ఫైనల్ ఎట్లుంటదంటె, తూర్పు దిక్కు ఒంటారియో లీగు గెలిచిన జట్టు, పడమర దిక్కు బ్రిటిష్ కొలంబియా లీగు గెలిచిన జట్టు, ఏడు మ్యాచ్‌ల పోటీ. ఎవరు ముందు నాలుగు కొడితే వాళ్లది. ఒకేడు తూర్పుల, ఒకేడు పడమరల. 1994 మే నెలల కెనడా పార్లమెంటు చట్టం చేసి లక్రాస్‌ను దేశపు ఎండకాలపు జాతీయ క్రీడ అన్నది. చలికాలానికి హాకీ. అదే ఏడు సిక్స్ నేషన్స్ చీఫ్స్ మొదటిసారి మాన్ కప్పు కొట్టిండ్రు. తర్వాత రెండేండ్లు మల్ల వాళ్లే. దేశం ఆటను తనదని రాసుకున్న ఏడాదే, ఆట అసలు ఇంటికి పోయింది.

చీఫ్స్ అంటే పెద్దమనుషులు. ఆ పేరు ఎందుకు పెట్టుకున్నరో నేను కథలు అల్లను. గాని ఒక తారీఖు యాది చేస్త. 1924 దాక సిక్స్ నేషన్స్‌ను నడిపింది వాళ్ల సంప్రదాయ పెద్దల సభ. ఆ పెద్దలను ఎన్నుకునేది వంశాల తల్లులు. ఆడోళ్లకు ఓటు అంటేనే లోకం నవ్విన కాలంల, అక్కడ పెద్దను కూసోబెట్టేది, తప్పు చేస్తే దించేది ఆడోళ్లే. 1924 అక్టోబర్‌ల కెనడా ప్రభుత్వం పోలీసులను పెట్టి ఆ సభను పక్కకు నూకి, తన చట్టం కింద ఎన్నికైన కౌన్సిల్‌ను తెచ్చింది. సరిగ్గ 70 ఏండ్లకు చీఫ్స్ అని జెర్సీ మీద రాసుకున్నోళ్లు బంగారు కప్పు ఎత్తిండ్రు.

2004ల ఆ జాగలనే ఇరొక్వా లక్రాస్ అరీనా లేచింది. పేరు ముందట పెట్టి కట్టుకున్న లక్రాస్ హాలు. ఒస్వెకెన్ పల్లెల అంతకుముందే ఇంకో హాలు ఉన్నది, దానికి గేలార్డ్ పౌలెస్ పేరు పెట్టుకున్నరు. హాలు సొంతమైతె ఏమైతదో 2014 జూస్తే తెలుస్తది. ఆ ఒక్క ఏడాదిల చీఫ్స్ మాన్ కప్పు, యారోస్ మింటో కప్పు రెండూ తెచ్చిండ్రు. పొద్దున ఆరేండ్ల పిల్లలు ఆడే నేల మీదనే రాత్రి చీఫ్స్ ఆడుతరు. అన్న ఎట్ల కొడుతున్నడో కండ్లార జూసుకుంట తమ్ముడు పెరుగుతడు. ఆ ఊర్ల పెరిగిన కోడి జేమీసన్ 2009ల సిరక్యూస్ యూనివర్సిటీ తరఫున అమెరికా కాలేజీ ఫైనల్ ఆడి, అదనపు సమయంల గెలుపు గోలు కొట్టిండు. తర్వాత ఊరికొచ్చి చీఫ్స్‌కు ఆడిండు. తాతల కాలంల పోయినోళ్లు పోయినట్టే ఉండె. ఇప్పుడు పోయినా మల్ల వస్తున్నరు.

చీఫ్స్‌ల అందరూ ఆదివాసులే ఉంటరా అంటే, ఉండరు. బయటి ఆటగాళ్లను కూడ తీసుకుంటరు. దీన్ని తప్పుబట్టేటోళ్లు ఉంటరు గాని నాకైతె అదే ముచ్చటగ అనిపిస్తది. ఒకప్పుడు తెల్లోళ్ల క్లబ్బుల ఆదివాసి ఆడాలంటె ఒప్పందం కావాలె. ఇప్పుడు ఆదివాసి క్లబ్బు ఎవరిని ఆడిచ్చాలో తనే చూసుకుంటది.

ఆడపిల్లల సంగతి కూడ చెప్పాలె, దాచిపెడితే న్యాయం కాదు. మందు ఆట కట్టెను ఆడోళ్లు ముట్టొద్దని కట్టుబాటు ఉన్నది. 1980లల్ల మహిళా జట్టు పెడ్తమంటె అడ్డం పడ్డోళ్లల్ల సంప్రదాయ మహిళలు కూడ ఉన్నరు. పెద్దలను దించే అధికారమున్న ఆడోళ్లే ఆ మాట అన్నరంటె, బయటినుంచి మనం తీర్పు ఇచ్చుడు సులువు కాదు. గాని ఆడపిల్లలు ఆగలేదు. ఇప్పుడు హోడెనొషోనీ మహిళా జట్టు ప్రపంచ పోటీలల్ల ఆడుతున్నది.

ప్రపంచ పోటీలు అన్న కదా, అసలు పంచాయతి అక్కడున్నది. 1983ల ఈ ఆరు జాతులు కలిసి ఇరొక్వా నేషనల్స్ అని సొంత జట్టు కట్టినయి. ఇప్పుడు పేరు హోడెనొషోనీ నేషనల్స్. కెనడా తరఫున కాదు, అమెరికా తరఫున కాదు. మాది వేరే నేషన్ అని. 1990ల ఆస్ట్రేలియాల పెర్త్‌ల ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడిండ్రు. 2014, 2018, 2023ల మూడుసార్లు మూడో స్థానం. ముందట ఉండే రెండు దేశాలు ఏవో మీరే ఊహించుండ్రి.

సొంత నేషన్ అయితే సొంత పాస్‌పోర్టు. ఇది ఇయ్యాల పుట్టిన మాట కాదు. 1923ల డెస్కాహె అనే పేరున్న సిక్స్ నేషన్స్ పెద్ద ఆ పాస్‌పోర్టు పట్టుకొనే జెనీవా పోయిండు. నానాజాతి సమితిల మా గోడు వినుండ్రి అని నెలలకొద్ది తిరిగిండు. విననియ్యలేదు. ఆయన అక్కడుండంగనే ఇక్కడ పెద్దల సభను మూసేసిండ్రు. 1925ల న్యూయార్క్ రాష్ట్రంల పానం ఇడిసిండు. 2010ల అదే పాస్‌పోర్టు పట్టుకొని మాంచెస్టర్ పోటీకి బయల్దేరిన ఆటగాళ్లను బ్రిటన్ రానియ్యలేదు. అమెరికా ఒక్కసారికి సడలింపు ఇచ్చినా బ్రిటన్ ఒప్పుకోలేదు. అమెరికా, కెనడా పాస్‌పోర్టు తీసుకొని పోవచ్చు కదా అన్నోళ్లున్నరు. ఆటగాళ్లు తీసుకోలేదు. న్యూయార్క్‌లనే ఉండిపోయి, పోటీనే ఇడిసిపెట్టిండ్రు.

2022ల అమెరికాల బర్మింగ్‌హామ్‌ల జరిగిన వరల్డ్ గేమ్స్‌కు ముందుగాల వీళ్లను పిలవలేదు. ఒలింపిక్ కమిటీ లేని జట్టు అన్నరు. గొడవైనంక మనసు మార్చుకున్నరు గాని అప్పటికే జాగలు నిండినయి. ఐర్లాండ్ జట్టు లేచి మా జాగ వాళ్లకియ్యుండ్రి అని తప్పుకున్నది.

2023 అక్టోబర్‌ల లక్రాస్‌ను 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌ల చేర్చిండ్రు, ఆరుగురు ఆడే కురచ పద్ధతిల. ఒలింపిక్స్ రూలు ఏందంటె, జాతీయ ఒలింపిక్ కమిటీ ఉన్నోళ్లే జట్టు పంపాలె. హోడెనొషోనీకి ఆ కమిటీ లేదు. ఆ డిసెంబర్‌ల అమెరికా అధ్యక్షుడు బైడెన్ వాళ్లను ఆడనియ్యాలని బహిరంగంగ చెప్పిండు. ఒలింపిక్ సంఘం మాత్రం కెనడా జట్టులనో అమెరికా జట్టులనో ఆడుకోమంటున్నది. పీటర్‌బరో జెర్సీ తొడుక్కోమన్నట్టే ఇది. ప్రపంచంల మూడో స్థానంల ఉన్న జట్టుకు, ఆటను పుట్టించిన జనానికి చెప్తున్న మాట.

1880ల అడిగింది నువ్వు అమెచ్యూర్‌వా అని. ఇప్పుడు అడుగుతున్నది నీకు కమిటీ ఉన్నదా అని. రెండు కాయితాలు రాసినోళ్లు కూడ ఆ కట్టె పట్టినోళ్లు కాదు.

మాన్ కప్పు ఏటా ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్‌ల ఉంటది. మనకు తెల్లారుగట్ల నడుస్తది. ఒక్క మ్యాచ్ అన్న జూడుండ్రి. చీఫ్స్ అరీనాల జరిగేదైతె మరీ మంచిది. ఆటగాళ్లనే కాదు, పలకల ఎనుక చిన్న కట్టెలు పట్టుకొని నిలబడ్డ పిల్లగాండ్లను కూడ జూడుండ్రి.